పేరు పెట్టే అధికారం ఎవరిది?

కొన్ని భారమూలకాలకు ఏ పేర్లు పెట్టాలన్న విషయమై అమెరికా, రష్యా, జర్మనీ శాస్త్రజ్ఞుల మధ్య ఏళ్ల తరబడి సాగిన వివాదం 1997లో పరిష్కారమయింది. పేరు పెట్టడం చిన్న పనిగా కనిపించవచ్చు; ఆ అధికారం ఎవరిదన్నది మాత్రం చిన్న ప్రశ్న కాదు. ఇంటర్నెట్ రంగంలోనూ ఇదే ప్రశ్న తలెత్తింది.

కంప్యూటర్లు పరస్పరం అంకెలతో గుర్తించుకొంటాయి. మనుషులకు పేర్లు సులభం. పేరును అంకెగా మార్చే డొమైన్ నేమ్ పద్ధతిని 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించారు. చెట్టుకు వేరు ఉన్నట్లే ఈ పేర్లన్నింటికీ ఒక మూలపట్టిక ఉన్నది. 'కామ్', 'ఇన్' వంటి అంత్యపదాలు అందులో చేరితేనే ప్రపంచమంతటా చెల్లుబాటవుతాయి. ఈ వ్యవస్థ నిర్వహణకై 1998లో కాలిఫోర్నియాలో 'ఐకాన్' అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది.

అప్పట్లో దాని పాలకమండలిలో 19 స్థానాలుండేవి. వాటిలో తొమ్మిదింటిని సామాన్య వినియోగదారుల ప్రతినిధులకు ఇవ్వాలని తొలుత సంకల్పించినా, 2000 అక్టోబరులో ఐదింటికే ఎన్నిక జరిగింది. ప్రపంచాన్ని ఐదు ప్రాంతాలుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క స్థానమిచ్చారు. మానవాళిలో సగానికి పైగా నివసించే ఆసియా పసిఫిక్ ప్రాంతానికీ ఒక్కటే! సుమారు 1,58,000 మంది పేర్లు నమోదు చేసుకోగా, ఓటు వేసినవారు 34,035 మంది. ఆసియా పసిఫిక్‌లో 17,745 ఓట్లు పోలయితే, ఆఫ్రికా ఖండమంతటా పోలయినవి 130. ఆ ఓట్లతోనే ఘానాకు చెందిన నీ క్వేనార్ ఎన్నికయ్యారు.

ఇంత స్వల్పమైన ఓటింగు లోకాభిప్రాయం ఎలా అవుతుందని కొందరు ప్రశ్నించారు. లోపాన్ని సరిదిద్దాలి గాని, ఓటునే తీసివేయరాదని మరికొందరు వాదించారు. 2002 సంస్కరణలలో ప్రత్యక్ష ఎన్నిక రద్దయి, వినియోగదారులకు సలహాసంఘం మిగిలింది. 2010 నుండి వారి తరఫున ఒక డైరెక్టరు పాలకమండలిలో ఉంటున్నారు. 2016 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ ముగిసినా, ఐకాన్ కాలిఫోర్నియా చట్టానికి లోబడిన సంస్థగానే ఉన్నది.

దీనితో తెలుగువారికేమి పని? డొమైన్ పేర్లలో మొదట ఆంగ్ల అక్షరాలకు, అంకెలకు, అడ్డగీతకు మాత్రమే చోటుండేది. 2011లో భారతీయ భాషలకు అనుమతి లభించినప్పుడు '.భారత్' తెలుగు లిపిలోనూ మూలపట్టికకు అర్హమయింది. తెలుగు, కన్నడ అక్షరాలలో అనేకం ఒకేలా కనిపిస్తాయి కనుక, ఒక పేరును మరొకటిగా భ్రమింపజేసే మోసాలకు తావుండవచ్చు. ఏ అక్షరం దేనికి సమానమో నిర్ణయించడానికి ఆ లిపులు తెలిసినవారే కూర్చోవలసి వచ్చింది. న్యాయమైన ప్రాతినిధ్యం ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు.