స్ట్రోలర్‌లో దాచిన జెండా

మా టీములో ప్రాగ్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. ప్రతి ఏడూ ఆగస్టు 25న తన డెస్కు మీద ఒకావిడ ఫొటో పెట్టుకుంటారు. ఎవరో చుట్టమేమో అనుకునేవాణ్ణి. ఒకసారి లంచ్ దగ్గర అడిగితే, "మా దేశం తరఫున మాట్లాడి శిక్ష అనుభవించిన రష్యన్ కవయిత్రి" అన్నారు. ఆమె నతాల్యా గోర్బనేవ్‌స్కయా. ఆమె గురించి చదివాక మీతో పంచుకోవాలనిపించింది.

ఆమె 1936లో మాస్కోలో పుట్టింది. సోవియట్ సెన్సారు దాటి అచ్చయిన ఆమె కవితలు బహు కొద్ది. మిగతావన్నీ టైపు కాగితాల మీద చేతులు మారినవే. ఇలా ఎవరికి వారే టైపు చేసి పంచుకోవడాన్ని అక్కడ 'సమిజ్దాత్' అనేవారు.

1968 ఆగస్టు 20 రాత్రి సోవియట్ కూటమి సైన్యాలు చెకోస్లొవేకియాలోకి చొరబడ్డాయి. 25వ తేదీ మధ్యాహ్నం 12 గంటలకి మాస్కో రెడ్ స్క్వేర్‌లో ఎనిమిది మంది మౌనంగా కూర్చున్నారు. గోర్బనేవ్‌స్కయా మూడు నెలల కొడుకుని స్ట్రోలర్‌లో తోసుకుంటూ వచ్చింది. బ్యానర్లు, చిన్న చెక్ జెండా ఆ స్ట్రోలర్‌లోనే దాచి తెచ్చింది. నిమిషాల్లోనే రహస్య పోలీసులు వాళ్ళని కొట్టి పట్టుకుపోయారు. చంటిబిడ్డ తల్లి కాబట్టి ఆమెను అప్పటికి వదిలేశారు. ఆమె ఊరుకోలేదు. ఆ ప్రదర్శన, ఆ తర్వాతి విచారణ వివరాలన్నీ సేకరించి 'మధ్యాహ్నం' అనే పుస్తకం చేసింది.

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నన్ను మరీ ఆకట్టుకున్నది ఆమె 1968 ఏప్రిల్‌లోనే మొదలుపెట్టిన 'ఖ్రోనికా' అనే రహస్య పత్రిక. అందులో ఆవేశం లేదు, తిట్లు లేవు. ఎవరిని ఎప్పుడు అరెస్టు చేశారు, ఏ సెక్షను, ఎన్నేళ్ళ శిక్ష... అంతే. కార్బన్ పేపర్లు పెట్టి టైపు చేసేవారు. అందుకున్నవాళ్ళు మళ్ళీ టైపు చేసి ఇంకొకరికి ఇచ్చేవారు. మీ దగ్గర వార్త ఉంటే, మీకు పత్రిక ఇచ్చిన మనిషికే చెప్పాలి. ఆయన తనకిచ్చినవాడికి చెబుతాడు. అలా వార్త వచ్చిన దారినే వెనక్కి వెళ్ళేది. సర్వరు లేని నెట్‌వర్క్ అన్నమాట! తప్పు దొర్లితే తర్వాతి సంచికలో దిద్దుకునేవారు. ఆమె తర్వాత వేరేవాళ్ళు అందుకుని 1980ల మొదటి దాకా, అరవైకి పైగా సంచికలు తెచ్చారు.

1969 డిసెంబరులో ఆమెను అరెస్టు చేశారు. నిజం రాసినందుకు పిచ్చిదన్నారు. కజాన్‌లోని జైలులాంటి మానసిక ఆసుపత్రిలో బలవంతంగా మందులిచ్చారు. 1972లో విడుదలైంది. 1975లో దేశం విడిచి, పారిస్‌లో స్థిరపడింది. 2013 ఆగస్టు 25న, 77 ఏళ్ళ వయసులో, మళ్ళీ అదే రెడ్ స్క్వేర్‌లో నిలబడింది. అదే ఏడు నవంబరులో పారిస్‌లో కన్నుమూసింది.

కవులు తిరగబడితే నిప్పులు కురిసే మాటలు వస్తాయనుకుంటాం. ఈవిడ మాత్రం తేదీలు, పేర్లు సరిచూసుకుంటూ కూర్చుంది. ఒక్క పేరు తప్పుపడినా పత్రిక మొత్తం అబద్ధమనిపిస్తారని ఆమెకి తెలుసు. ఒక్కో కాపీకి జైలు భయం ఉన్నా అంత జాగ్రత్తగా సరిచూసేవారు. మనకి ఏ భయమూ లేదు, అయినా చదవకుండానే ఫార్వర్డ్ కొట్టేస్తాం. ఈసారి నొక్కేముందు నేనైతే ఒక్క క్షణం ఆగుతాను. మరి మీరు?