మదనపల్లెలో పరదేశీయులు

తిరుపతికి వచ్చే యాత్రికులకు తొందర యెక్కువ. కొండెక్కి దర్శనం చేసుకుని, ప్రసాదం పుచ్చుకుని, తిరుచానూరు, వీలుంటే కాళహస్తి చూసుకుని తిరుగుదారి పడతారు. వారిని తప్పు పట్టలేం. మొక్కు తీరింది, పిల్లల బడి సెలవులూ అయిపోయాయి. యిక్కడే పుట్టి పెరిగిన మనం కూడా అంతకుమించి కదలకపోవటమే చిత్రం!

చంద్రగిరి దాటి, భాకరాపేట కనుమ యెక్కి, పీలేరు, వాయల్పాడుల మీదుగా వెళితే మదనపల్లె వస్తుంది. టొమాటోల బేరానికి వెళ్లేవారే గాని, ఆ వూరు చూద్దామని బయలుదేరేవారు అరుదు. అటువంటి వూరిని వెదుక్కుంటూ పరదేశీయులు వచ్చారు.

19వ శతాబ్దంలో కడప కలెక్టరు హార్స్లీ దొర యెండలకు తాళలేక, మదనపల్లెకు దాపున వున్న యేనుగు మల్లమ్మ కొండమీద బంగళా కట్టుకున్నాడు. చల్లగాలి దొరకు దక్కింది. దొర పేరు కొండకు దక్కింది. పాపం, మల్లమ్మ పేరు వెనకబడింది! తరువాత డెన్మార్కు వైద్యుడు ఫ్రిమాట్ మోలర్ వచ్చి, ఆరోగ్యవరంలో క్షయరోగుల ఆసుపత్రి నడిపాడు. మందులు దొరకని ఆ రోజుల్లో మంచి గాలే రోగికి పెద్ద ఆసరా.

మూడవవాడు జేమ్స్ కజిన్స్. 1873లో బెల్ఫాస్టులో పుట్టిన ఐరిష్ కవి. అనీబిసెంటు పిలుపునందుకుని 1915లో భార్య మార్గరెట్‌తో మద్రాసు చేరి, ఆమె పత్రికలో పనిచేశాడు. 1916 నాటి డబ్లిన్ తిరుగుబాటును మెచ్చుకుంటూ వ్రాసినందుకు ఆ వుద్యోగం పోయింది. బిసెంటమ్మే మళ్లీ మదనపల్లె కాలేజీలో పని చూపించింది. తెల్లవాడే గాని, ఆయనదీ ఆంగ్లేయుల యేలుబడిలోని దేశమే కదా!

1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు ఆ కాలేజీకి అతిథిగా వచ్చి 'జనగణమన' పాడి వినిపించాడు. మార్గరెట్ ఆ పాట స్వరాలు వ్రాసి పెట్టింది. రవీంద్రుడు అక్కడే దాన్ని యింగ్లీషులోకి మార్చాడు. మన జాతీయగీతం చరిత్రలో ఆ చిన్న వూరికి అంత చోటున్నది.

ఆ యేడే కజిన్స్ జపాను వెళ్లి, టోక్యోలో కెయో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. అక్కడ తాను చూసిందీ తలచిందీ పుస్తకంగా వ్రాస్తే, అది 1923లో మద్రాసులో అచ్చయింది. మరి టోక్యో చూసినవాడు పెద్ద నగరంలో స్థిరపడ్డాడా? లేదు, మళ్లీ మదనపల్లెకే వచ్చాడు! 1930ల్లో మరోసారి ఆ కాలేజీకి ప్రిన్సిపాలుగా వున్నాడు. 1956లో కన్నుమూసిందీ ఆ వూళ్లోనే. ఆ వూళ్లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి లోకమంతా తిరిగితే, లోకం తిరిగిన కజిన్స్ ఆ వూరు చేరాడు.

యీనాడు మన యిళ్లలో పిల్లలు అమెరికాలోనో, జపానులోనో వుంటున్నారు. ఆఫీసు, గది, ఆదివారం వంటసామాను — చాలామందికి పరదేశమంటే అంతే. వారు ఫోను చేసినప్పుడు "తిన్నావా?" అని అడగటంతోపాటు, "మీ వూరి పక్కన యే పల్లె వుంది? అక్కడి ముసలివాళ్లతో మాట్లాడావా?" అనీ అడుగుదాం. అడిగే అర్హత మనకూ వుండాలి గనుక, వచ్చే సెలవుకు భాకరాపేట కనుమ యెక్కుదాం. మల్లమ్మ కొండమీద గాలి యిప్పటికీ చల్లగానే వీస్తోంది.