నడుమునొప్పి - విశ్రాంతియా? కదలికయా?

నిండుబిందె ఎత్తబోవునప్పుడు నడుము కలుక్కుమనుట చాలమందికి అనుభవమే. కదిలినచో వెన్నెముకకు మరింత హాని కలుగునని భయపడి వారములకొలది మంచము దిగనివారు కలరు. ఈ భయమునకు ఆధారమున్నదా?

నడుము భాగమున ఐదు పెద్ద వెన్నుపూసలున్నవి. పూసకు పూసకు మధ్య డిస్కు అను మెత్తని చక్రిక ఉన్నది. దాని అంచు గట్టి పీచుతోను, లోపలిభాగము జిగురువంటి పదార్థముతోను ఏర్పడినది. వెన్నునంటియున్న కండరములు మొండెమును నిలబెట్టుచున్నవి.

వంగి బరువెత్తునప్పుడు వెన్నెముక తులాదండమువలె పనిచేయును. చక్రికయే దానికి ఆధారబిందువు. 10 కిలోగ్రాముల బరువు దానికి 40 సెంటీమీటర్లు ముందున్నదనుకొందము. కండరములు సుమారు 5 సెంటీమీటర్ల వెనుకనుండి లాగును. 10 × 40 = 80 × 5. అనగా ఆ బిందెకొరకే కండరములు 80 కిలోగ్రాముల బరువుకు సమానమైన బలము ప్రయోగింపవలెను. మొండెపు బరువు దీనికి అదనము. బిందెను 20 సెంటీమీటర్లకు దగ్గరచేర్చినచో ఈ బలము సగమగును. బరువును ఒంటికి చేర్చి పట్టుకొనుమని చెప్పుటకు కారణమిదియే.

చక్రిక వెలుపలికి ఉబికి నాడిని నొక్కినప్పుడు నొప్పి కాలిలోనికి ప్రాకునని 1934లో అమెరికను వైద్యులు మిక్స్టర్, బార్ ప్రకటించిరి. కాని నడుమునొప్పులలో అధికభాగము ఇట్టివి కావు. అవి సాధారణముగా కొన్ని వారములలో తగ్గును.

పూర్వము దీనికి పడకయే మందని తలచెడివారు. ఫిన్లండు దేశపు హెల్సింకి నగరమున 186 మంది ఉద్యోగులను మూడు జట్లుగా విభజించి పరీక్షించిన ఫలితములు 1995లో వెలువడినవి. ఒక జట్టు రెండురోజులు పడకపై నుండెను. రెండవది వ్యాయామము చేసెను. మూడవది నొప్పి ఓర్చుకొనగలిగినంతవరకు నిత్యకృత్యములు సాగించెను. మూడవ జట్టువారే త్వరగా కోలుకొనిరి. పడకపై నున్నవారు అందరికంటె ఆలస్యముగా కోలుకొనిరి. ఎక్కువకాలము పడుకొన్నచో కండరములు బలహీనపడును.

కావున వేడి కాపడము, మెల్లని నడక, వైద్యుని సలహాపై మందు తొలిరోజులకు చాలును. నొప్పి మూడునెలలు మించినచో క్రమమైన వ్యాయామము ముఖ్యము. నడుముపట్టీలను అలవాటుగా వాడవలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో సూచించినది.

అయితే కాళ్లు బలహీనపడుట, తొడలమధ్య స్పర్శ పోవుట, మలమూత్రములపై అదుపు తప్పుట కనిపించినచో ఒక్కరోజైనను ఆగక ఆసుపత్రికి పోవలెను. జ్వరము, కారణము లేక బరువు తగ్గుట, పెద్దదెబ్బ తగులుట ఉన్నప్పుడును వైద్యపరీక్ష అవసరము. ఇట్టి చిహ్నములు లేనివారు నొప్పి పూర్తిగా పోవువరకు వేచియుండక, మెల్లగా లేచి నడువవచ్చును.