బగారా బైంగన్‌లో ఎవరికి ఏది పడదు?

పెళ్లి గాజుల కోసం హైదరాబాద్ లాడ్ బజార్‌కు వచ్చే కుటుంబాలకు విందులో బిర్యానీ పక్కన బగారా బైంగన్ ఉండాల్సిందే. వంకాయలు, పల్లీలు, నువ్వులు, కొబ్బరి కలిసిన ఆ కూర ఆహార ఎలర్జీ చదువుకునే విద్యార్థికి పాఠ్యపుస్తకం లాంటిది. పల్లీలు, నువ్వులు ప్రపంచమంతటా పేరుమోసిన ఎలర్జీ కారకాలు. ఇక వంకాయ సంగతి మన పొరుగున మైసూరులోనే తేల్చారు.

2008లో వెలువడిన అక్కడి అధ్యయనంలో 741 మందిని పరిశీలించారు. వంకాయ తింటే ఇబ్బంది పడేవారు, చర్మపరీక్షలో స్పందించినవారు కలిపి 9.2 శాతం తేలారు. వారిలో అసలైన ఎలర్జీ ఉన్నవారు మొత్తం మీద ఒక శాతం కూడా లేరు. మరి మిగతావారికి దురద ఎందుకు? వంకాయలోనే దురద పుట్టించే హిస్టమిన్ అనే రసాయనం కొంత ఉంటుంది, కొందరికి అదే చాలు.

అసలైన ఎలర్జీలో ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ ఏ పల్లీ ప్రొటీన్‌నో శత్రువనుకుని ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేస్తుంది. అది మాస్ట్ కణాలకు అంటిపెట్టుకుని ఉంటుంది. అదే ప్రొటీన్ మళ్లీ లోపలికి వచ్చిందా, ఆ కణాలు హిస్టమిన్‌ను వెదజల్లుతాయి. దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం మొదలవుతాయి. ముదిరితే రక్తపోటు పడిపోతుంది. ఇదంతా సాధారణంగా నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో జరుగుతుంది. పాలు తాగితే కడుపుబ్బరం రావడం చాలావరకు ఎలర్జీ కాదు, లాక్టోజ్‌ను అరిగించే ఎంజైము చాలకపోవడం.

పరీక్ష కాగితాన్ని చూసి జబ్బును నిర్ణయించేస్తే ఏమవుతుందో కర్ణాటక లెక్కలు చెబుతాయి. ఆహార ఎలర్జీలపై జరిగిన యూరోప్రివాల్ పరిశోధనలో భాగంగా అక్కడి పెద్దలను పరీక్షిస్తే 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ కనిపించింది. ఎలర్జీ ఉండవచ్చని తేలింది మాత్రం 1.2 శాతం మందికే. 2016లో వచ్చిన ఈ ఫలితం ప్రతి వైద్యవిద్యార్థి బల్ల మీద ఉండాలని నా అభిప్రాయం. ప్యాకేజీ రక్తపరీక్షలో ఎర్రగీత పడిందని పిల్లవాడికి పాలు, గుడ్డు, గోధుమ మూడూ మాన్పించడం వైద్యం కాదు, చేజేతులా పోషకాహార లోపం తెచ్చుకోవడం.

అందుకే శిక్షణలో మొదటి మెట్టు యంత్రం కాదు, ప్రశ్న. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎంతసేపటికి వచ్చింది, తిన్న ప్రతిసారీ వచ్చిందా? అప్పటికీ తేలకపోతే ఆసుపత్రిలో, డాక్టరు కళ్లెదుటే, అనుమానమున్న పదార్థాన్ని చిటికెడుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ తినిపించి చూస్తారు. ఇది ఇంట్లో చేసే ప్రయోగం కానే కాదు. విద్యార్థులు పాత సలహాలను మరిచిపోవడం కూడా నేర్చుకోవాలి. పసిపిల్లలకు పల్లీలు దూరంగా ఉంచమని ఒకప్పుడు పశ్చిమ దేశాల్లో చెప్పేవారు. ముప్పు ఎక్కువగా ఉన్న 640 మంది శిశువులతో లండన్‌లో జరిపిన లీప్ అధ్యయనం, తొలి ఏడాదిలోనే తినిపించడం మొదలుపెడితే ఆ ఎలర్జీ దాదాపు 80 శాతం తగ్గుతుందని 2015లో చూపింది.

ఇదంతా తరగతి గదిలోనే ఆగిపోతే వంటవాడికి చేరదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1958 నుంచి ఈ నగరంలో ఉంది, పోషకాహార విద్యార్థులకు శిక్షణ ఇస్తోంది. ఎంబీబీఎస్ విద్యార్థులకు పల్లె కుటుంబాలను దత్తత తీసుకునే కార్యక్రమం ఉంది. ఆ విద్యార్థులను పాతబస్తీ వంటశాలలకూ పంపితే బాగుంటుంది. చేతిలో కరపత్రం ఉర్దూలో, తెలుగులో ఉండాలి, వంటల్లో దాగినవేమిటో అది చెప్పాలి. ఉదాహరణకు హలీంలో గోధుమ మాంసంతో మెదిగిపోయి కంటికి కనిపించదు. నువ్వులైతే ప్యాకెట్ల లేబుళ్లపై ఎలర్జీ హెచ్చరిక తప్పనిసరి చేసిన మన 2020 నియమాల జాబితాలోనే లేవు. అమెరికా 2023 నుంచి వాటినీ చేర్చింది. విందులో లేబుల్ ఎలాగూ ఉండదు, వంటవాడి నోటి మాటే లేబుల్.

కాబట్టి వడ్డించేవారికి ఒక మనవి. ఇందులో ఏముందని ఎవరైనా అడిగితే "ఏం కాదు, తినండి" అనకండి. పల్లీలు, నువ్వులు, జీడిపప్పు ఏది వేస్తే అది చెప్పండి. తిన్న కాసేపటికే ఎవరికైనా ఆయాసం వచ్చినా, స్పృహ తప్పుతున్నా మజ్జిగ తాగించి చూద్దామని కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. సిట్రిజిన్ మాత్ర అక్కడ ప్రాణం కాపాడదు. మొదట పడాల్సింది తొడ కండరంలో అడ్రినలిన్ ఇంజెక్షన్.