నానమ్మ ఏ జబ్బుతో పోయింది?

తొంభై దాటినా చేతికర్ర లేకుండా తిరిగే పెద్దవాళ్లను చూస్తే ‘పాతకాలం తిండి’ అనేస్తాం. తిండి ఒక్కటే కాదు, లోపల జరిగే మరమ్మతు కూడా. మన ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ రోజుకు వేలసార్లు దెబ్బతింటుంది. దానికి ఎండ, పొగ అక్కర్లేదు. ఒంట్లోని నీరు, ఆక్సిజన్ చాలు. ఆ దెబ్బలను సరిచేసే ఎంజైములు మరమ్మతు జన్యువుల నుంచే వస్తాయి. ఈ పని ఎలా జరుగుతుందో తేల్చినందుకే 2015లో టొమాస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

ఈ పరిశోధనలో మన హైదరాబాద్‌కూ వాటా ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ కల్లూరి సుబ్బారావు బృందం ఎలుకల మెదడు కణాలపై ఏళ్ల తరబడి పనిచేసింది. ముసలి ఎలుకల న్యూరాన్లలో మరమ్మతు మందగిస్తుందని, డీఎన్‌ఏ పాలిమరేజ్ బీటా, లైగేజ్ అనే రెండు ఎంజైములు కలిపితే మళ్లీ పుంజుకుంటుందని 2005లో చూపించింది. అయితే అది ప్రయోగశాలలో, కణాల నుంచి తీసిన సారంలో. ఆయుష్షు పెంచే మాత్ర అని ఆన్‌లైన్‌లో అమ్మే డబ్బాలకు పౌండ్లు తగలేయకండి.

మనకు ఇవాళే పనికొచ్చే సంగతి వేరే ఉంది. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 కూడా మరమ్మతు జన్యువులే. వాటిలో ఒకటి పుట్టుకతోనే చెడి ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు బాగా పెరుగుతుంది. కొడుకైనా కూతురైనా, ఆ లోపం సంక్రమించే అవకాశం సగానికి సగం. పరీక్ష ఎవరికి అవసరమో అంచనా వేయడానికి మా మాంచెస్టర్‌లో ప్రొఫెసర్ గారెత్ ఎవాన్స్ బృందం 2004లో ఒక లెక్క కట్టింది. పేరు మాంచెస్టర్ స్కోర్. కుటుంబంలో ఒకవైపు బంధువుల్లో ఎవరికి ఏ క్యాన్సర్, ఏ వయసులో వచ్చిందన్నదాన్ని బట్టి పాయింట్లు. చిన్న వయసులో వస్తే ఎక్కువ. ప్రోస్టేట్, పాంక్రియాస్ క్యాన్సర్లూ లెక్కలోకి వస్తాయి.

చిక్కంతా ఇక్కడే. జీపీ అడిగితే ‘మా ఇంట్లో అలాంటివేమీ లేవండి’ అంటాం. మేనత్త నలభై రెండేళ్లకే ‘కడుపులో గడ్డ’తో పోయి ఉంటుంది, ఆడపిల్లల పెళ్లిళ్లు చెడతాయని ఇంట్లో జబ్బు పేరెత్తరు. నాన్నవైపు వాళ్లది మనకు రాదనుకునేవాళ్లూ ఉన్నారు. ఖాళీ ఇన్‌పుట్ ఇస్తే ఏ ప్రోగ్రామైనా ఏం చెబుతుంది? లోపం ముందే తెలిసినవాళ్లకు ఎన్‌హెచ్‌ఎస్‌లో ఎంఆర్‌ఐ స్కాన్లున్నాయి, కావాలనుకుంటే నివారణ శస్త్రచికిత్సా ఉంది.

ఈ ఆదివారం ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు అమ్మనూ నాన్ననూ అడగండి: ఎవరికి, ఏ జబ్బు, ఎన్నో ఏట? బీరువాలో పాత రిపోర్టులుంటే ఫొటో తీసి పంపమనండి. అవి పట్టుకుని జీపీ దగ్గరికి వెళ్లండి.