నడిసంద్రంలో తెల్ల ఓడ

1977 ఫిబ్రవరి 1న భారత తీర రక్షక దళం పని మొదలుపెట్టినప్పుడు దాని చేతిలో ఉన్నవి ఏడే ఏడు నౌకలు. కృపాణ్, కుఠార్ అనే రెండు పాత యుద్ధ నౌకలు, ఐదు చిన్న గస్తీ పడవలు. అవి కూడా నౌకాదళం ఇచ్చినవే. కాపలా కాయాల్సిందేమో ఏడున్నర వేల కిలోమీటర్ల తీరం, దాని ముందు పరుచుకున్న ఇరవై లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రం. ఇవాళ ఆ దళానికి 150కి పైగా నౌకలు, 70కి పైగా విమానాలు, హెలికాప్టర్లు ఉన్నాయి. ఇన్నేళ్ళలో అది కాపాడిన ప్రాణాలు 11 వేలు దాటాయి. అయినా నేవీ గురించి తెలిసినంతగా కోస్ట్ గార్డ్ గురించి మనలో చాలామందికి తెలియదు. విశాఖలో నారింజ, నీలం పట్టీలున్న తెల్లటి ఓడ కనబడితే అదీ నేవీదే అనుకుంటారు.

ఈ దళం పుట్టడానికి మొదటి కారణం దొంగబంగారం. 1960ల్లో, 70ల్లో గల్ఫ్ తీరం నుంచి పడవల్లో బంగారం, గడియారాలు మన పశ్చిమ తీరానికి గుట్టుగా చేరేవి. వెంటపడి పట్టుకోవడానికి కస్టమ్స్ వాళ్ళకు తగిన పడవలు లేవు. నేవీని పిలిస్తే, యుద్ధానికి కట్టిన ఖరీదైన నౌకలు స్మగ్లర్ల వెనకాల తిరగాలి. ఈలోగా 1974లో బాంబే హైలో చమురు పడింది. 1976లో పార్లమెంటు చేసిన చట్టంతో తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా, అంటే దాదాపు 370 కిలోమీటర్ల వరకు, చేపల మీదా చమురు మీదా హక్కు మనదైంది. హక్కు వచ్చింది గానీ కాపలా ఎవరిది?

నిజానికి ఆ చట్టం రాకముందే ఈ ప్రశ్న తేల్చే బాధ్యతను సరిహద్దు భద్రతా దళానికి మొదటి అధిపతిగా పనిచేసిన కె.ఎఫ్. రుస్తుంజీ నాయకత్వంలోని కమిటీకి అప్పగించారు. శాంతికాలంలో సముద్రం మీద చట్టాన్ని అమలు చేయడానికి విడిగా ఒక దళం కావాలని ఆ కమిటీ 1975లో చెప్పింది. 1978లో తీర రక్షక దళ చట్టం వచ్చింది. ఆ ఆగస్టు 19న ప్రధాని మొరార్జీ దేశాయ్ దళాన్ని లాంఛనంగా ప్రారంభించారు. వైస్ అడ్మిరల్ వి.ఎ. కామత్ తొలి డైరెక్టర్ జనరల్. 'వయం రక్షామః', మేము రక్షిస్తాం అన్నది వాళ్ళ నినాదం.

ఈ దళం పేరు ప్రపంచానికి తెలిసింది 1999లో. ఆ అక్టోబరులో ఇండోనేషియా నుంచి దాదాపు ఏడు వేల టన్నుల అల్యూమినియంతో జపాన్‌కు బయలుదేరిన 'అలోండ్రా రెయిన్‌బో' అనే ఓడను సముద్రపు దొంగలు ఎత్తుకుపోయారు. పదిహేడు మంది సిబ్బందిని గాలి తెప్ప మీద వదిలేశారు. రోజుల తరబడి నీళ్ళ మీద కొట్టుకుపోయిన వాళ్ళను చివరికి థాయ్ జాలరులు రక్షించారు. దొంగలు ఓడకు రంగు మార్చి, 'మెగా రామా' అని పేరు పెట్టి అరేబియా సముద్రంలోకి తెచ్చారు. కోస్ట్ గార్డ్ నౌక తారాబాయి దాన్ని వెంటాడింది. హెచ్చరించినా ఆగలేదు, కాల్పులు జరిపినా ఆగలేదు. నేవీ నౌక ప్రహార్ కూడా వచ్చి కలిశాక, నవంబరు 16న పదిహేను మంది దొంగలు దొరికిపోయారు. ఓడను ముంచేయాలని వాళ్ళు చేసిన ప్రయత్నం సాగలేదు.

తర్వాత జరిగింది చూస్తే బాధ కలుగుతుంది. 2003లో ముంబయి కోర్టు వాళ్ళకు శిక్ష వేసింది. 2005లో హైకోర్టులో ఆ శిక్ష నిలవలేదు. సముద్రపు దోపిడీకి మన దేశంలో అప్పటికి ప్రత్యేక చట్టమే లేదు. అది పార్లమెంటులో గట్టెక్కింది 2022లో. ప్రాణాలకు తెగించి పట్టుకున్నవాళ్ళకు ఇరవై ఏళ్ళకు పైగా చట్టం అండ లేకపోవడం చిన్న లోపం కాదు.

దొంగల వేట అరుదు. రోజూ ఉండేది ప్రాణాలు కాపాడే పని. 2019 ఆగస్టు 12న విశాఖ తీరానికి దగ్గర్లో 'కోస్టల్ జాగ్వార్' అనే నౌకలో మంటలు లేచి సిబ్బంది నీళ్ళలోకి దూకేశారు. దగ్గర్లోనే ఉన్న రాణి రాష్‌మోణి నౌక వాళ్ళు 28 మందిని పైకి తీశారు. ఆ రాణి రాష్‌మోణిని కట్టింది కూడా విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డే. మరుసటి ఏడాది సెప్టెంబరులో, సుమారు 2.7 లక్షల టన్నుల ముడిచమురుతో పారాదీప్‌కు వస్తున్న 'న్యూ డైమండ్' ట్యాంకర్ శ్రీలంక తూర్పు తీరాన అంటుకుంది. ఆ మంటలార్పడానికి వెళ్ళిన కోస్ట్ గార్డ్ నౌకల్లో విశాఖ నుంచి పనిచేసే సముద్ర పహరేదార్ ఒకటి. ఒక నావికుడు చనిపోయాడు, మిగతా 22 మంది బతికారు. సరుకుగా ఉన్న ముడిచమురు సముద్రం పాలు కాలేదు. అదే జరిగి ఉంటే ఆ తీరంలోని జాలరి పల్లెలు ఏళ్ళ తరబడి కోలుకునేవి కావు.

ఈ పనికి వాళ్ళు చెల్లించే మూల్యమూ ఉంది. 2024 సెప్టెంబరు 2 రాత్రి పోర్‌బందర్ దగ్గర, ఒక ట్యాంకర్‌లో గాయపడిన నావికుణ్ణి తేవడానికి వెళ్ళిన హెలికాప్టర్ సముద్రంలో కూలిపోయింది. ముగ్గురిని పోగొట్టుకున్నారు. నాలుగు నెలలకు అదే పోర్‌బందర్ విమానాశ్రయంలో మరో హెలికాప్టర్ కూలి ఇంకో ముగ్గురు చనిపోయారు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు వేట కోసం గుజరాత్ దాకా వలస వెళ్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళు పాకిస్తాన్ గస్తీ దళానికి చిక్కి, 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇల్లు చేరలేదు. 'తండేల్' సినిమాకు మూలం ఈ ఉదంతమే. 2024 నవంబరు 17న మాత్రం కథ వేరేలా ముగిసింది. ఏడుగురు జాలరులను ఎక్కించుకుపోతున్న పాకిస్తాన్ నౌకను మన నౌక వెంటాడి అడ్డుకుని, ఆ ఏడుగురినీ వెనక్కి తెచ్చింది. పద్దెనిమిది రోజులైనా గడవకముందే, మునిగిన 'అల్ పీరన్‌పీర్' పడవలోని పన్నెండు మంది భారతీయులను పాకిస్తాన్ సముద్ర సహాయక కేంద్రం సాయంతో ఇదే దళం కాపాడింది. పైన రాజకీయం ఎలా ఉన్నా, ప్రాణం మీదికొచ్చినప్పుడు రెండు దేశాల వైర్‌లెస్ గదులు మాట్లాడుకుంటాయి.

2008 ముంబయి దాడులకు ఉగ్రవాదులు సముద్రం మీదే వచ్చారు, అదీ మన జాలరుల పడవను లాక్కుని. ఆ తర్వాత తీరప్రాంత జలాల భద్రత బాధ్యత కూడా కోస్ట్ గార్డ్ మీద పడింది. తీరం వెంట రాడార్లు, కెమెరాలు వచ్చాయి. మత్స్యకారులకు గుర్తింపు కార్డులు ఇచ్చారు. రాడార్‌కు చిన్న పడవలు సరిగ్గా ఆనవు గనక, కొత్త పడవ ఏదో కనిపెట్టేది ఇప్పటికీ జాలరి కన్నే. అందుకే వీళ్ళు తీర గ్రామాలకు వెళ్ళి సమావేశాలు పెడతారు. తుపాను వచ్చే ముందు డోర్నియర్ విమానాలు, నౌకలు సముద్రంలో ఉన్న బోట్లను తెలుగు, తమిళం, ఒడియా లాంటి భాషల్లో వెనక్కి పొమ్మని హెచ్చరిస్తాయి. ఇవి కాక మాదకద్రవ్యాల మీద నిఘా, చమురు తెట్టు తొలగింపు ఉండనే ఉన్నాయి. ఏటా ఒడిశా తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళకు కాపలా కూడా ఈ దళమే కాస్తుంది.

తీరంలో ఉండే ప్రతి కుటుంబానికీ తెలియాల్సిన మాట ఒకటుంది. సముద్రంలో ఎవరికైనా ఆపద వస్తే ఒడ్డున ఉన్నవాళ్ళు చేయాల్సిన ఫోన్ నంబరు 1554. బోటులో ఉన్నవాళ్ళకు వీహెచ్ఎఫ్ సెట్టులో ఛానల్ 16. ఇస్రో తయారు చేసిన ఆపద సంకేత పరికరం మీట నొక్కితే, బోటు ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా కోస్ట్ గార్డ్ కేంద్రానికి తెలుస్తుంది. కొత్త రకం పరికరమైతే సాయం వస్తోందన్న జవాబు కూడా పడవకు చేరుతుంది. వల, ఐసు, డీజిల్ సర్దుకున్నట్టే ఈ పరికరం ఉందో లేదో, పనిచేస్తోందో లేదో చూసుకున్నాకే వేటకు బయలుదేరండి. ఇంట్లో ఆడవాళ్ళ ఫోన్లలోనూ 1554 నంబరు వేసి ఉంచండి.