ఆట నేర్పిన పంతులు

బొబ్బిలి పేరు చెప్పగానే యుద్ధం తరువాత వీణయే జ్ఞప్తికి వస్తుంది. ఇక్కడి సర్వసిద్ధివారు ఒకే పనసమొద్దును తొలిచి ఏకాండీ వీణను తీర్చిదిద్దుతారు. ఆ వీణ సభకెక్కిననాడు కరతాళధ్వనులన్నీ వైణికునికే. దానిని మలచిన చేతులు ఎవరికిని గుర్తుకు రావు. ఆటస్థలంలో శిక్షకుని గతియును ఇట్టిదే. కొయ్యకు బదులు మనుష్యులను మలచిన అట్టి శిల్పి ఒకరు హైదరాబాదులో బడిపంతులుగా జీవితం ప్రారంభించినారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం.

1909లో హైదరాబాదులో జన్మించిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో ఉపాధ్యాయులైనారు. ఫుట్‌బాల్ ఆయనకు వ్యసనం కాదు, విద్య. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టు శిక్షణభారం వహించినారు. ఆ ఏడు మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు ఆ జట్టు రోవర్స్ కప్పు గెలుచుకొన్నది.

ఆయన బోధనాపద్ధతి విచిత్రమైనది. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితోనే బంతిని తన్నవలెనని నియమం పెట్టి పోటీలు జరిపించినారు. ఒంటరిగా బంతిని నడిపించుకొని పోరాదని, తోటివానికి అందించియే తీరవలెనని మరికొన్ని పోటీలు పెట్టినారు. వచ్చిన విద్యను ప్రదర్శించుకొనుట ఎవరికైనా ఇష్టమే. రానిదానిని పదిమందిలో అభ్యసించుట కష్టం. ఆ కష్టాన్నే ఆయన ఆటగా మార్చినారు. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలోని తులసీదాస్ బలరాం అనే పేద యువకునికి మైదానానికి వచ్చే దారిఖర్చు లేదని విని, అద్దె సైకిలుకు డబ్బిచ్చి పిలిపించుకొన్నారు. ఆ బలరామే తరువాత దేశం గర్వించదగిన ఆటగాడైనాడు.

భారతజట్టు శిక్షకునిగా రహీంకు కీర్తితోపాటు అవమానమూ దక్కింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం లభించగా, మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 1–10 గోల్స్‌తో ఓటమి సంభవించినది. మనవారిలో పలువురు వట్టికాళ్లతో ఆడినారు. ఆ పరాజయం పిమ్మట బూట్లు తప్పనిసరి అయినవి. నాలుగేండ్లు గడచినవి. 1956 మెల్‌బోర్నులో ఆతిథ్య ఆస్ట్రేలియా జట్టునే 4–2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనలు చేరిన తొలి ఆసియా దేశంగా భారతదేశం నిలిచినది. చివరకు నాలుగవ స్థానం దక్కినది.

1962లో జకార్తా ఆసియా క్రీడలలో తొలి ఆటలోనే దక్షిణ కొరియా 2–0తో మనలను ఓడించినది. తరువాతి ఆటలో రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. అతనిని ఇంటికి పంపుటకు బదులు రహీం ముందువరుసకు పంపినారు. సెప్టెంబరు 4న ఫైనలులో ఎదురుపడినది మరల దక్షిణ కొరియాయే. ప్రేక్షకుల అభిమానమూ మనవైపు లేదు. పి. కె. బెనర్జీ ఒక గోలు, కట్టుకట్టిన తలతో జర్నైల్ సింగ్ ఒక గోలు చేయగా, 2–1తో స్వర్ణం మనదైనది.

తొమ్మిది నెలలు తిరిగీ తిరగకముందే, 1963 జూన్ 11న, కాన్సరు వ్యాధితో రహీం కన్నుమూసినారు. అటుపిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాలులో 1970లో కాంస్యం లభించినదేగాని స్వర్ణం మరల రాలేదు. బొబ్బిలి శిల్పి తన ఉలిని కొడుకు చేతిలో పెట్టి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని పని నేర్పుతాడు. అందుచేతనే వీణ నిలిచినది. విద్య నేర్చిన గురువు ఒక్కడుంటే చాలదు, ఆ విద్యను అందుకొనే మరొక గురువు కావలెను.

రహీం వంటి శిక్షకుడు ప్రతి ఊరికీ లభించకపోవచ్చును. కాని తన తరగతిలోని పిల్లవానికి బలహీనమైన కాలు ఏదో కనిపెట్టి, వాడు సిగ్గుపడకుండ దానితోనే ఆడునట్లు చేయుట ఏ బడిపంతులుకైనను సాధ్యమే.